సర్పగంధ సాగు: విత్తనమా, వేరు ముక్కా, కొమ్మా? ఏది మేలు?

సర్పగంధ అనే మందుమొక్కను వేయాలనుకునే రైతుకు మూడు దారులున్నాయి: విత్తనంతో నారు పెంచడం, వేరు ముక్కలు పాతడం, కొమ్మ ముక్కలు నాటడం. ఎక్కువగా వినిపించే సలహా మాత్రం వేరు ముక్కే. విత్తనం సరిగా మొలవదు, వేరు ముక్క తప్పకుండా చిగురిస్తుంది అంటారు. రెండు మాటలూ నిజమే. అయినా విత్తనమే మేలని మా గట్టి నమ్మకం. ఎందుకో తెలియాలంటే ఈ మొక్క అడవిలో ఎలా కరువైందో ముందు చెప్పుకోవాలి.

మతి చెడినవారికి, నిద్ర పట్టనివారికి మన వైద్యులు ఈ వేరును తరతరాలుగా ఇచ్చారు. ఇది రక్తపోటును కూడా తగ్గిస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. అదే ఏడాది రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరు నుంచి ఆల్కలాయిడ్లను, అంటే మందుగా పనిచేసే రసాయనాలను, విడదీసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల్లో చూసిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చు వేయించాక పైదేశాల కన్ను దీనిమీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌కు చెందిన సిబా మందుల కంపెనీ శాస్త్రవేత్తలు రక్తపోటు తగ్గించే ఆల్కలాయిడ్ అయిన రెసర్పిన్‌ను వేరుచేశారు. ఇక అడవుల్లో గునపాలు ఆగలేదు. ఉసిరి, కరక్కాయ అయితే కాయ కోసుకున్నా చెట్టు నిలుస్తుంది. సర్పగంధకు మందంతా వేరులోనే ఉంది, తవ్వితే మొక్కే పోతుంది. 1969లో మన ప్రభుత్వం ముడి వేరు ఎగుమతిని ఆపేసింది. 1990లో ఈ మొక్క, అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం రెండో జాబితాలోకి చేరింది.

వేరు ముక్కతో నాటడం మీద మా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఎకరాకు సుమారు 40 కిలోల పచ్చి వేరు ముక్కలు కావాలి. అవి ఎవరి తోటలోంచో రావాలి, లేదా అడవిలోంచి రావాలి. అమ్ముకోవాల్సిన సరుకునే విత్తనంగా పాతిపెడుతున్నామన్నమాట. విత్తనమైతే ఎకరాకు రెండున్నర కిలోలు చాలు, అదీ మొక్కను చంపకుండా వచ్చేది.

దిగుబడి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పూర్వం చేసిన ప్రయోగాల్లో రెండేళ్ల తోట నుంచి హెక్టారుకు వచ్చిన వేరు: విత్తనపు నారుతో 1,175 కిలోలు, వేరు ముక్కలతో 345 కిలోలు, కొమ్మలతో 175 కిలోలు. మంచి నేల, మంచి రకం ఉంటే మూడూ పెరుగుతాయి, వరస మాత్రం ఇదే. కారణం కళ్లకు కనిపించేదే. విత్తనం నుంచి వచ్చిన మొక్కకు తల్లివేరు ఉంటుంది, అది వదులు నేలలో అడుగున్నర దాటి నిటారుగా దిగి లావెక్కుతుంది. ముక్కల నుంచి వచ్చినదానికి పక్కలకు పాకే సన్నవేళ్లే ఎక్కువ. సన్నవేళ్లలో ఆల్కలాయిడ్ శాతం కాస్త ఎక్కువే అయినా ఆ లాభం తూకంలో వచ్చే నష్టాన్ని పూడ్చలేదు.

మరి విత్తనం మొలవకపోవడం సంగతేమిటి? కాయ పచ్చగా పుట్టి, పండేసరికి నల్లగా నిగనిగలాడుతుంది. గుత్తిలోని కాయలన్నీ ఒకేసారి పండవు. గుత్తిని ఒకేసారి దూసేసేవారి విత్తనంలో సగం పచ్చివే ఉంటాయి, పండినవాటిలోనూ చాలావాటికి లోపల పప్పు ఉండదు. అందుకే జులై నుంచి నవంబరు దాకా వారానికోసారి నల్లబడ్డ కాయలే ఏరాలి. గుజ్జు చేత్తో నలిపి కడిగి, లీటరు నీటికి 100 గ్రాముల ఉప్పు కలిపి అందులో వేయాలి. తేలినవి తాలు, పారేయండి. మునిగినవాటిని మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఆరు నెలలు దాటిన మామూలు విత్తనంలో మొలక బాగా పడిపోతుంది. ఇండోర్‌లో అభివృద్ధి చేసిన ఆర్‌ఎస్-1 రకం ఏడు నెలల తర్వాతా సగానికి పైగా మొలుస్తుంది, దొరికితే అదే తెచ్చుకోండి.

మే నెలలో, కృత్తిక కార్తెలో నారు పోయాలి. విత్తనాన్ని ముందు 24 గంటలు నానబెట్టాలి. పాక్షిక నీడలో మీటరు వెడల్పున ఎత్తుమడి కట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, పైపైనే సాలు గీసి విత్తాలి. మొదటి మొలక కనిపించడానికి మూడు వారాలు పట్టవచ్చు, ఆ తర్వాతా ఒక్కొక్కటిగా వస్తూనే ఉంటాయి. పదిహేను రోజులు చూసి మడి దున్నేసేవారే 'విత్తనం పనికిరాదు' అనేది. నీరు నిలిస్తే నారు మొదలు కుళ్లి వాలిపోతుంది, తడి పలుచగా ఇవ్వాలి. నాలుగైదు ఆకులు వేశాక, వానలు కుదురుకున్న జులైలో 45 × 30 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. తీసేటప్పుడు తల్లివేరు తెగితే విత్తనం వాడిన ఫలితమే పోతుంది.

వేరు ముక్కల్లో ఇంకో చిక్కు, వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగు. బుడిపెలున్న వేరు ముక్కతో పాటు అది కొత్త పొలానికి నేరుగా వస్తుంది. తప్పనిసరైతే రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల ముక్కలు, సొంత తోటలోవి, బుడిపెలు లేనివి మాత్రమే వాడండి. కాండం మొదలుతో పాటు ఐదు సెంటీమీటర్ల వేరున్న మోడు నాటితే దాదాపు అన్నీ బతుకుతాయి. కానీ ఒక మొక్క నుంచి ఒక మొక్కే వస్తుంది, ఖాళీలు పూడ్చడానికి అది సరిపోతుంది. కొమ్మ ముక్కలు, 15 నుంచి 22 సెంటీమీటర్లవి, మంచి తల్లిమొక్కను ఉన్నదున్నట్టు నిలుపుకోవడానికే.

విత్తనానికి మరో బలముంది. ప్రతి మొక్కా కాస్త భిన్నంగా ఉంటుంది. ఒకే మొక్క ముక్కలతో నిండిన తోటలో ఒక తెగులు వస్తే అన్నిటికీ ఒకేలా సోకుతుంది. 1993 నుంచి బెంగళూరులోని మందుమొక్కల పరిరక్షణ సంస్థ ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ, దక్షిణాది అటవీ శాఖలతో కలిసి మందుమొక్కలను అడవిలోనే కాపాడే ప్రాంతాలను ఏర్పరచింది కూడా ఈ వైవిధ్యాన్ని నిలపడానికే.

విత్తనం కొనేటప్పుడు పేర్లతో జాగ్రత్త. సర్పగంధకున్న పాతాళగరుడి అన్న పేరు కొన్నిచోట్ల దూసరి తీగకూ ఉంది. కాలవగట్ల మీద పెరిగే అమెరికా జాతి సర్పగంధ కాయలూ కలిసిపోతుంటాయి. దానికి కణుపుకు నాలుగు ఆకులు, అవీ చిన్నా పెద్దా. అసలుదానికి సాధారణంగా మూడే, పూకాడ ఎర్రగా ఉంటుంది. ఇంట్లో పెంచారు కదా అని వేరు నమిలి మింగకండి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు, మనసు దిగులులో కూరుకుపోవచ్చు.

పద్దెనిమిది నెలలకు, ఆకు రాలే డిసెంబరులో తవ్వాలి. ముందురోజు పలుచగా తడి ఇస్తే సన్నవేళ్లు తెగకుండా వస్తాయి. మట్టి దులపాలి గానీ బెరడు గీరకూడదు, ఆల్కలాయిడ్లలో అధికభాగం దానిలోనే ఉంటుంది. తోటలో పూలు గిల్లేస్తే వేరు లావెక్కుతుంది. గట్టు పక్క వరసలో మాత్రం గిల్లకుండా, తవ్వకుండా వదిలేయండి. వచ్చే మే నెలకు విత్తనం అక్కడి నుంచే రావాలి.