రెండు కోర్టుహౌసులా, ఒకటేనా? మిసిసిపీకి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ

అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున బొలీవర్ కౌంటీ, పడమట డేషా కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మొదటిది మిసిసిపీ రాష్ట్రంలో, రెండోది ఆర్కన్సాలో ఉంది. రెండు చోట్లా అదే ఒండ్రు నేల, అవే కరకట్టలు, అదే వరద భయం. కోర్టుహౌస్ విషయంలో మాత్రం చెరో దారి పట్టాయి.

అక్కడ కోర్టుహౌస్ అంటే కేసులు నడిచే చోటు మాత్రమే కాదు. భూమి దస్తావేజులు, పన్నులు, ఓటరు నమోదు, పెళ్లి లైసెన్సు, ఇలాంటి పనులకు చాలావరకు కౌంటీ కేంద్రమే దిక్కు. అది ఏ ఊళ్లో ఉందన్నది అందుకే పెద్ద విషయం. 2022 దాకా కలెక్టరేటు పనికి గోదావరి దాటి కాకినాడ వెళ్లిన కోనసీమ వాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

డేషాకు ఒకటే కేంద్రం, ఆర్కన్సా సిటీ. 2020 జనగణనలో ఆ ఊరి జనాభా 376. అదే కౌంటీలో డ్యూమస్‌లో నాలుగు వేల మంది ఉన్నారు, మెగీలో దాదాపు అంతే. మరి ఇంత చిన్న ఊరు కేంద్రం ఎలా అయింది? అంతా నది వల్లే. తొలినాళ్లలో కేంద్రం నెపోలియన్ అనే ఊరు. ఆర్కన్సా నది మిసిసిపీలో కలిసే చోట ఉండేది. దాన్ని నది కోసేసింది, ఇప్పుడు ఆ ఊరే లేదు. తర్వాత స్టీమర్లు ఆగే రేవుగా ఆర్కన్సా సిటీ ఎదిగింది, కేంద్రం అక్కడికి వచ్చింది. 1927 వరద ఆ ఊరిని ముంచేసింది. ఆ తర్వాత నది పక్కకు జరిగి, పాత పాయ ఒక చెరువులా మిగిలింది. రేవు పోయింది, జనం పోయారు. 1900లో కట్టిన కోర్టుహౌస్ మాత్రం ఉంది.

డ్యూమస్ నుంచి అక్కడికి వెళ్లే మనిషి తన ఊరంత ఉన్న మెగీని దాటుకుని, ఇంకా ముందుకు పోవాలి. కారు లేని ముసలివాళ్లకు అదొక రోజు పని. నాకు బాధ కలిగించేది ఇదే.

బొలీవర్‌కు రెండు కేంద్రాలు. నది పక్కన రోజ్‌డేల్, లోపల క్లీవ్‌లాండ్. మిసిసిపీలోని 82 కౌంటీల్లో ఇలాంటివి పది ఉన్నాయి. ఈ కౌంటీ నేల విస్తీర్ణం సుమారు 2,270 చదరపు కిలోమీటర్లు. పాత రోజుల్లో చిత్తడి అడవులు, వానొస్తే మునిగే దారులు. రైలు వచ్చాక క్లీవ్‌లాండ్ పెరిగింది. 2020లో అక్కడ 11,000 మందికి పైనే ఉన్నారు, రోజ్‌డేల్‌లో దాదాపు 1,600 మంది. అయినా రోజ్‌డేల్ నుంచి కోర్టుహౌస్‌ను తీసేయలేదు. 1927 ఏప్రిల్ 21న మౌండ్స్ లాండింగ్ దగ్గర కరకట్టకు గండి పడింది ఈ కౌంటీలోనే. కేంద్రమంతా ఒక్క నది ఒడ్డునే పెట్టుకోవడం ఎంత ప్రమాదమో వీళ్లకు బాగా తెలుసు.

పాలన తీరు కూడా వేరు. బొలీవర్‌లో ఐదు డిస్ట్రిక్టుల నుంచి ఎన్నికైన ఐదుగురు సూపర్‌వైజర్లు బడ్జెట్ చూస్తారు. డేషాలో పాలన 'కౌంటీ జడ్జి' చేతిలో ఉంటుంది. పేరు జడ్జి అయినా ప్రధానంగా ఆయన పని పరిపాలనే. ఖర్చులకు క్వోరమ్ కోర్టు, అంటే ఎన్నికైన సభ్యుల మండలి, ఆమోదం కావాలి.

బొలీవర్‌లోలా రెండు భవనాలంటే రెండు పైకప్పులు, రెండు కరెంటు బిల్లులు. దస్తావేజులూ విడివిడిగానే ఉంటాయి. పొలం కొనేవాడు అది ఏ కోర్టుహౌస్ పరిధిలోదో ముందు తెలుసుకోవాలి, లేకపోతే తప్పు ఊరికి వెళ్తాడు. 2020లో 30,985 మంది ఉన్న, తగ్గిపోతున్న కౌంటీకి ఈ ఖర్చు బరువే.

అయినా నేను బొలీవర్ పద్ధతి వైపే. క్లీవ్‌లాండ్‌కు సేవలు అందాయి, అందుకోసం రోజ్‌డేల్ బతుకు తీసేయలేదు. ఆర్కన్సా సిటీ నుంచి కోర్టుహౌస్‌ను ఎత్తేస్తే ఆ 376 మందికి మిగిలేది చాలా తక్కువ. అందుకని దాన్ని కదపమని నేను అనను. దస్తావేజుల పనికి వారంలో రెండు రోజులు డ్యూమస్‌లో ఒక గుమాస్తా కూర్చుంటే, కొత్త భవనం కట్టకుండానే ఆ ప్రయాణం తప్పుతుంది.