ఐఎన్‌ఆర్ పరీక్షకి ఇంటి దగ్గర రక్తం ఇస్తున్నవాళ్లు జాగ్రత్త: మొన్న శుక్రవారం నాకు జరిగింది

వైజాగ్‌లో రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమో వార్ఫరినో వాడుతూ, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే అంకె) కోసం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ప్యాకేజీ కొన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ఫిర్యాదు పెట్టాను కాబట్టి ల్యాబ్ పేరు రాయడం లేదు. వెంకోజీపాలెం, ఎంవీపీ కాలనీ వైపు ఉండేవాళ్లకి చెప్పకుండానే అర్థమవుతుంది. మన అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో అతికించి ఉన్న కరపత్రం వాళ్లదే.

నా సంగతి రెండు ముక్కల్లో. ఏడు నెలల క్రితం కుడి ఊపిరితిత్తిలో రక్తం గడ్డలు కట్టి, పల్మనరీ ఎంబోలిజం అన్నారు. రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ సమస్య కూడా బయటపడింది. అందుకే ఐఎన్‌ఆర్ చూసుకోనక్కర్లేని కొత్త మాత్రలు నాకు వద్దన్నారు డాక్టర్ గారు. రోజూ రాత్రి అసిట్రోమ్. ఐఎన్‌ఆర్ 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. ఆకుకూరలు ఎక్కువైతే ఈ మందు పని తగ్గుతుంది కాబట్టి, గోంగూర, తోటకూర మానలేదు గానీ ఏ వారమైనా ఒకే లెక్కలో తింటున్నాను. మూడు నెలలుగా 2.3, 2.6, 2.4 వస్తున్నాయి. ఆస్పత్రిలో ప్రతిసారీ రెండు గంటలు కూర్చోలేక ఆరు పరీక్షల ప్యాకేజీ కొన్నాను. మొదటి రెండూ బాగానే జరిగాయి.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి కొత్త అబ్బాయి వచ్చాడు. నాకు నరం దొరకడం కష్టమని ముందే చెప్పాను. రెండోసారికి దొరికింది. ముందు ఊదా మూత ట్యూబు నింపాడు, తర్వాత నీలం మూత ట్యూబు పెట్టాడు. అది సగం నిండిందో లేదో రక్తం ఆగిపోయింది. సూది అటూ ఇటూ కదిపాడు, రాలేదు. నేను కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. "అయిపోయింది మేడం, మళ్లీ గుచ్చనక్కర్లేదు" అని సూది తీసేశాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

కళ్లు తెరిచేసరికి మా డైనింగ్ టేబుల్ మీద రెండు ట్యూబుల మూతలూ తీసి ఉన్నాయి. ఊదా ట్యూబు వంచి అందులోని రక్తం నీలం ట్యూబులో పోస్తున్నాడు. మందు సీసాలోంచి చెంచాలోకి పోసినంత తీరిగ్గా, గీత దాకా వచ్చిందా లేదా అని వెలుతురుకి ఎత్తి చూసుకుంటూ పోశాడు. ఒక చుక్క టేబుల్ గుడ్డ మీద పడింది. "ఇలా కలపొచ్చా బాబూ?" అని అడిగాను. "రక్తం రక్తమే కదా మేడం. రెండూ మీదే" అన్నాడు. మూతలు పెట్టి రెండూ ఒక్కసారి గట్టిగా ఊపి, బ్యాగులో వేసుకుని వెళ్లిపోయాడు.

నేను ఊరుకున్నాను. ఐదు రోజులుగా నన్ను తినేస్తున్నది ఇదే. అడిగినదాన్ని, గట్టిగా అడగలేదు. ఇంకోసారి గుచ్చించుకోనక్కర్లేదన్న సంతోషంలో ఊరుకున్నాను.

సాయంత్రం ఫోన్‌కి రిపోర్ట్ వచ్చింది. ఐఎన్‌ఆర్ 5.2. చేతులు చల్లబడ్డాయి. చిగుళ్లు చూసుకున్నాను, ఒంటి మీద కమిలిన మచ్చలున్నాయేమోనని అద్దం ముందు నిలబడి వెతుక్కున్నాను. ఏమీ లేవు. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఆ అంకె చూసి ఎవరైనా చెప్పేదే చెప్పారు: శుక్ర, శని రాత్రులు మాత్ర ఆపండి, ఆదివారం మళ్లీ పరీక్ష చేయించండి. ఆదివారం ల్యాబ్ వాళ్లు మనిషి లేడన్నారు. పరీక్ష లేకుండా మాత్ర వేసుకోవడానికి ధైర్యం చాలక ఆ రాత్రీ మానేశాను. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాల్సింది. తప్పు నాదే.

సోమవారం తెల్లవారుజామున మూడింటికి ఛాతీలో నొప్పితో మెలకువ వచ్చింది. ఈ జబ్బు వచ్చినవాళ్లకి తెలుసు, ఆ తర్వాత నెలల తరబడి ఛాతీ మనల్ని ప్రశాంతంగా ఉండనివ్వదు. గట్టిగా ఊపిరి పీల్చినా, పక్కకి తిరిగినా కుడి పక్కటెముకల కింద ముల్లు గుచ్చినట్టుంటుంది. దాన్ని నేను గుర్తుపడతాను. లేచి కూర్చుని, దిండు ఒళ్లో పెట్టుకుని, వేలికి ఆక్సీమీటర్ పెట్టి మెల్లగా ఊపిరి లెక్కపెడతాను. పావుగంటకి సర్దుకుంటుంది. సోమవారం అలా కాలేదు. గుండె దడ ఆగలేదు, మంచం మీంచి బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం. మా ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు. పక్కింటి అక్కని లేపాను, ఆవిడే 108కి ఫోన్ చేసింది. హనుమంతవాక జంక్షన్ దాటి ఆరిలోవలో ఆస్పత్రి చేరేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు.

అక్కడ మళ్లీ ఐఎన్‌ఆర్ చేశారు. 1.3. అంటే మూడు రాత్రుల తర్వాత నా ఒంట్లో మందు పని దాదాపు లేనట్టే. అసిట్రోమ్ వార్ఫరిన్‌లాగా రోజుల తరబడి నిలిచి ఉండే మందు కాదు, ఆపితే తొందరగా దిగిపోతుందని చెప్పారు. సీటీ స్కాన్ తీసేదాకా ఆ గంటన్నర ఎలా గడిచిందో నేను రాయలేను. దేవుడి దయ, కొత్త గడ్డలు లేవు.

శుక్రవారం రిపోర్ట్ చూపిస్తే అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "శాంపిల్ ఎలా తీశారు?" చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. నీలం ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు లెక్కన. అందుకే గీత దాకా నిండాలి, సగమే నిండితే అంకె తప్పుగా పెరుగుతుంది. ఊదా ట్యూబులో ఉండేది ఈడీటీఏ, అది గడ్డకట్టడానికి కావాల్సిన కాల్షియాన్ని రక్తంలో పట్టేసుకుంటుంది. పరీక్ష చేసేటప్పుడు సిట్రేట్‌కి సరిపడా కాల్షియం తిరిగి కలుపుతారు గానీ, ఈడీటీఏ కూడా ఉంటే అది చాలదు. గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, మిషన్ రక్తం పల్చగా ఉందనుకుంటుంది. అసలు నీలం ట్యూబు ముందు తీయాలి, ఊదా తర్వాత. మా ఇంట్లో అదీ తిరగబడింది. ఆ రోజు నా అసలు అంకె ఎంతో ఇక ఎప్పటికీ తెలియదు. 5.2 అయితే నమ్మలేమన్నారు.

మంగళవారం ల్యాబ్‌కి ఫోన్ చేశాను. అరిచి గోల చేయలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. మేనేజర్ అన్నాడు, "మా అబ్బాయి ట్రైనింగ్ అయినవాడు మేడం, అలా చెయ్యడు." కళ్లారా చూశానన్నాను. "చూస్తే అప్పుడే ఎందుకు ఆపలేదు మరి?" అన్నాడు. నోట మాట రాలేదు. ఆ ప్రశ్న నన్ను నేను వందసార్లు వేసుకున్నాను. కానీ అడిగే హక్కు ఆయనకి లేదు. ట్యూబుల గురించి తెలియాల్సింది డబ్బు తీసుకున్నవాళ్లకి, పేషెంటుకి కాదు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు: "ఇంత సీరియస్ జబ్బులున్నవాళ్లు హాస్పిటల్లోనే చేయించుకోవాలి మేడం, ఇంటి సర్వీసు మామూలు చెకప్‌ల కోసం." మా లిఫ్టులో వాళ్ల కరపత్రం మీద పెద్దక్షరాలతో ఉన్నది "రక్తం పల్చబడే మందులు వాడేవారికి ప్రత్యేక ప్యాకేజీ" అని. నా దగ్గర ఆ మాట చెప్పే డబ్బు తీసుకున్నారు. ఫోన్ పెట్టేసి కిందికి వెళ్లి ఆ కాగితం ఫొటో తీసుకున్నాను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. రెండు రిపోర్టులూ, ఆస్పత్రి కాగితాలూ దాచాను. అంబులెన్సు దిగినప్పటి నుంచి 21,400 ఖర్చయింది. ఐఎన్‌ఆర్ మళ్లీ 2 దాటి నిలబడేదాకా పొట్టకి రెండు పూటలా, గడ్డకట్టకుండా ఆపే ఎనాక్సపారిన్ సూది. ఈ పొద్దున్నది ఐదోది. గుచ్చిన చోటల్లా నీలంగా కమిలింది.

మీరు ఇంటి దగ్గరే ఇవ్వాల్సి వస్తే నీలం ట్యూబు గీత దాకా నిండిందో లేదో మీరే చూడండి. చాలకపోతే ఇంకోసారి గుచ్చమనండి, ఓర్చుకోండి. ఒక ట్యూబు మూత తీసి ఇంకోదాంట్లో పోస్తుంటే అక్కడే ఆపించండి, ఆ శాంపిల్ తీసుకెళ్లనివ్వకండి. నిలకడగా ఉన్న ఐఎన్‌ఆర్ ఏ కారణం లేకుండా ఒక్కసారి ఎగిరితే, రక్తం ఎలా తీశారో కూడా డాక్టర్‌కి చెప్పండి, ఆ రోజే ఇంకోచోట మళ్లీ చేయించమంటారా అని అడగండి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు. కొత్తగా ఆయాసం, ఆగని దడ, కళ్లు తిరగడం, దగ్గితే రక్తం ఉంటే పొద్దున్న చూద్దామని పడుకోకండి.

ఈ నెలలో అదే ల్యాబ్‌కి ఇంట్లో రక్తం ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ అంకె కూడా అలాగే ఎగిరిందా అన్నది కింద రాయండి. ఆ అబ్బాయి రోజుకి ఎన్ని ఇళ్లకి వెళ్తున్నాడో అని తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.