అడగని ఎనర్జీలో దొరికిన జవాబు: టైమ్ ఆఫ్ ఫ్లైట్ న్యూట్రాన్ స్పెక్ట్రోమీటర్‌తో కొన్నేళ్లు

న్యూట్రాన్ అంటే ఏమిటో, క్వాంటమ్ పదార్థాల లోపలి స్పిన్ల (పరమాణువుల్లోని బుల్లి అయస్కాంతాల) కదలికను అది ఎలా పట్టిస్తుందో ఇక్కడ రాయను. చాలామందికి తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది, న్యూట్రాన్ ఎంతసేపట్లో చేరిందో చూసి దాని ఎనర్జీ లెక్కగట్టే టైమ్ ఆఫ్ ఫ్లైట్ స్పెక్ట్రోమీటర్‌లోని ఒక్క సదుపాయం గురించి. ఒకే పల్స్‌లో మూడు నాలుగు ఎనర్జీల్లో ఒకేసారి కొలిచే పద్ధతి. పెద్ద పేరు రిపిటీషన్ రేట్ మల్టిప్లికేషన్, వాడేవాళ్లు మల్టీ రెప్ అంటారు.

మేం వాడింది బ్రిటన్‌లోని ఐసిస్ న్యూట్రాన్ కేంద్రంలో ఉన్న లెట్ స్పెక్ట్రోమీటర్. అక్కడ సెకనుకు 10 పల్సులు, అంటే రెండు పల్సుల మధ్య 100 మిల్లీసెకన్లు. పల్స్ బయల్దేరిన చోటి నుంచి శాంపిల్‌కు 25 మీటర్లు. 3.7 మిల్లీ ఈవీ (మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్, ఎనర్జీ కొలత) న్యూట్రాన్ సెకనుకు 840 మీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి దానికి 30 మిల్లీసెకన్లు పడుతుంది. 15 మిల్లీ ఈవీది అందులో సగం టైంలోనే చేరుతుంది. మేడారం బాటలో అందరూ ఒక్కసారే కదిలినా పడుచువాళ్లు ముందు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు వెనక చేరతారు కదా, అట్లన్నమాట. చాపర్ అనే తిరిగే పళ్లెం ఆ వరసలో ఒక్కసారే గేటు తీసి మూసెయ్యదు, మధ్య మధ్యలో మళ్లీ మళ్లీ తీస్తుంది. తీసినప్పుడల్లా ఒక్క వేగం వాళ్లే లోపలికి వస్తారు.

అంతకుముందు నా అలవాటు ట్రిపుల్ యాక్సిస్, అంటే ఒక్కోసారి ఒక్క ఎనర్జీ, ఒక్క దిశ ఎంచుకుని కొలిచే స్పెక్ట్రోమీటర్. భౌతిక శాస్త్రవేత్త బ్రాక్‌హౌస్‌కు 1994లో నోబెల్ తెచ్చిపెట్టిన పద్ధతి. కాజీపేటలో రైలెక్కి ముంబై పోవడం, ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ దగ్గర కూర్చుని ఒక్కో బిందువుకు కౌంట్లు పోగయ్యేదాకా ఎదురుచూడటం. ఎక్కడ చూడాలో ముందే తెలిస్తే దాన్ని మించింది లేదు. తెలియకపోతే మాత్రం టెన్షనే.

ఇక అసలు కథ. మా శాంపిల్ ప్రేసియోడిమియం జిర్కోనేట్ సింగిల్ క్రిస్టల్, పైరోక్లోర్ అనే అమరిక రకం. బాగా చల్లార్చినా దాని స్పిన్లు ఒక క్రమంలోకి రావు. 3.7 మిల్లీ ఈవీలో కొలిస్తే తక్కువ ఎనర్జీ దగ్గర పలచగా పరుచుకున్న సిగ్నల్ కనిపించింది. స్పిన్ లిక్విడ్ (ఎంత చల్లార్చినా స్పిన్లు గడ్డకట్టకుండా కలిసికట్టుగా కదులుతుండే స్థితి) అని కొందరం, అంత తొందర వద్దని కొందరం, గ్రూపు రెండుగా చీలింది. ప్రేసియోడిమియం అయాన్‌లో రెండు ఎఫ్ ఎలక్ట్రాన్లు. సరిసంఖ్య కావడంతో దాని కింది రెండు స్థితులకు టైమ్ రివర్సల్ (కాలాన్ని వెనక్కి తిప్పినా మారని సౌష్ఠవం) రక్షణ ఉండదు. క్రిస్టల్‌లో ఎక్కడైనా చిన్న వంకర ఉంటే ఆ రెండూ విడిపోతాయి. ఆ విడిపోవడం ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటే చివరికి కనిపించేది కూడా అచ్చం అలాంటి పలచటి సిగ్నలే. 3.7 డేటా ఎంత తిరగేసినా ఈ రెండింట్లో ఏదో తేలలేదు.

వాదన నడుస్తుండగా ఒక ఎండాకాలం మధ్యాహ్నం, హనుమకొండలో కరెంటు పోయి యూపీఎస్ కూత పెడుతుంటే, మా రీసెర్చ్ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, జర ఈ పదిహేను ఫైల్ చూడుండ్రి. తొమ్మిదిన్నర కాడ గీత ఇంత లావుగ ఎందుకున్నది?"

"శాంపిల్ డబ్బా అల్యూమినియం ఏమో చూడమ్మా."

"అది తీసేసినంక చెప్తున్న సార్."

15 మిల్లీ ఈవీ డేటా మేం అడిగింది కాదు, 3.7తో పాటు దానంతట అదే వచ్చింది. ఆ గీత ప్రేసియోడిమియం మొదటి క్రిస్టల్ ఫీల్డ్ లెవెల్ (చుట్టూ ఉన్న అయాన్ల ప్రభావంతో ఏర్పడే ఎనర్జీ మెట్టు), 9.5 మిల్లీ ఈవీ దగ్గర ఉండాల్సిందే. ఫోనాన్ (క్రిస్టల్‌లోని అయాన్ల కంపనం) అయితే న్యూట్రాన్ ఇచ్చే మొమెంటం పెరిగేకొద్దీ బలపడాలి, ఇది తగ్గుతూ పోయింది. కాబట్టి అయస్కాంత సంబంధమైనదే. లెక్కగట్టిన రిజల్యూషన్ (పరికరం వల్లే వచ్చే వెడల్పు) కంటే మాత్రం బాగా వెడల్పు. అంటే అయాన్ల చుట్టుపక్కల పరిస్థితి అన్నిచోట్లా ఒకేలా లేదు. పలచటి సిగ్నల్ చూసి స్పిన్ లిక్విడ్ అనెయ్యడానికి లేదని తేలింది, వాదన అక్కడికి ఆగింది.

ఇలాంటిది మాకే మొదలు కాదు. ఇటెర్బియం మెగ్నీషియం గాలియం ఆక్సైడ్‌లో 2016లో స్పిన్ లిక్విడ్ జాడలు కనిపించాయని పెద్ద సందడి. ఆ తర్వాత అందులోనూ క్రిస్టల్ ఫీల్డ్ గీతలు వెడల్పుగా కనిపించాయి, మెగ్నీషియం, గాలియం ఒకే చోట కలగాపులగంగా ఉండటమే కారణమని తేలింది. అయితే పైరోక్లోర్లలో ఈ అస్తవ్యస్తమే స్పిన్ లిక్విడ్‌ను పుట్టించవచ్చని 2017లో సావరీ, బాలెంట్స్ అనే సిద్ధాంతకర్తలు లెక్క చూపించారు. కాబట్టి మా క్రిస్టల్‌ను ఇంకా పారెయ్యలేదు.

ఇంతకీ అదనపు డేటా ఊరికే వచ్చిందన్నాను గానీ, పూర్తిగా ఊరికే కాదు. చాపర్ల వేగం 3.7 కోసం కుదిర్చింది. 15లో రిజల్యూషన్ అంత సన్నగా రాదు. మా గీత అంత లావుగా ఉంది కాబట్టి సరిపోయింది, కొద్దిపాటి వెడల్పే అయితే ఏమీ చెప్పలేకపోయేవాళ్లం. ఒక ఎనర్జీలో వెనకబడ్డ న్యూట్రాన్లు తర్వాతి ఎనర్జీ లెక్కలో దూరిపోయే బెడద ఒకటి. పైగా ఫైళ్ల బరువు. క్రిస్టల్‌ను తిప్పుతూ తీసిన డేటా మా డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో తెరవబోతే ఫ్యాన్ మోతే తప్ప బొమ్మ రాలేదు. ఐసిస్ వాళ్ల సర్వర్ మీదే హొరేస్ అనే సాఫ్ట్‌వేర్‌తో డేటాలో కోతలు కోసుకున్నాం, ఇక్కడి ఇంటర్నెట్ మూడ్ బాగున్న పూట.

అందరికీ ఇదే మంచిదని అనలేను. మాది చిన్న గ్రూపు, బీమ్‌టైమ్ (పరికరం వాడుకునే సమయం) అరుదుగా దొరుకుతుంది, ఏం వెతకాలో సగమే తెలిసి పోతాం. అలాంటివాళ్లకు ఒకేసారి అంతా పోగేసి ఇంటికొచ్చి తీరిగ్గా వెతుక్కోవడం కలిసొస్తుంది. ఒక్క బిందువు దగ్గర టెంపరేచర్‌తో, అయస్కాంత క్షేత్రంతో ఏం మారుతుందో చూడాలంటే ఇప్పటికీ ట్రిపుల్ యాక్సిస్సే మేలు, నేనైనా దానికే పోతాను. లెట్‌కు ప్రపోజల్ రాసేవాళ్లు మాత్రం కావలసిన ఎనర్జీ ఒక్కటే రాసి ఊరుకోకండి. దాంతోపాటు వచ్చే మిగతా ఎనర్జీలేవో ఇన్‌స్ట్రుమెంట్ సైంటిస్టును ముందే అడగండి, మీ క్రిస్టల్ ఫీల్డ్ లెవెల్ వాటిలో ఒకదాని కిందికి వచ్చేలా కుదరదా అని కూడా అడగండి. కొన్నిసార్లు మొదటి ఎనర్జీని కొంచెం జరిపితే చాలు.