ఫ్రెంచ్ యుద్ధ సినిమాలు: ఇన్నేళ్ళు చూశాక ఏవి నిలిచాయి, ఏవి వెలిసిపోయాయి

ట్యాంకులు, బాంబుదాడులు, చివర్లో జెండా ఎగరేసే సీను కావాలనుకునేవాళ్ళు ఫ్రెంచ్ యుద్ధ సినిమాల జోలికి పోకపోవడమే మేలు. మంచివనిపించుకున్న వాటిలో చాలావాటిలో తుపాకీ కూడా పేలదు. చాలా ఏళ్ళుగా వీటిని చూస్తున్నాను. మొదట ఫిల్మ్ క్లబ్ ప్రదర్శనల్లో, తర్వాత డీవీడీల్లో, ఇప్పుడు ఓటీటీలో. నచ్చినవి మళ్ళీ మళ్ళీ చూశాను. గొప్పవని అందరూ అనేవి నాకు ఎక్కకపోతే, ఎందుకు ఎక్కలేదో తెలుసుకుందామని వాటినీ ఇంకోసారి చూశాను. చూడగా చూడగా ఒక అభిప్రాయం గట్టిపడింది. తన వలస యుద్ధాల గురించి ఫ్రాన్స్ ఎక్కువ నిజం చెప్పింది, ఆ యుద్ధం తెరమీద కనిపించని సినిమాల్లోనే. డబ్బు పోసి అందంగా చూపించినప్పుడల్లా ఏదో ఒకటి పక్కకు తప్పించింది.

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చూసింది జాక్ దెమీ తీసిన 'ది అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్బూర్గ్' (1964). ఇందులో మాటలంటూ లేవు, అన్నీ పాటే. పెట్రోలు కావాలా అన్నదీ పాటే, తలుపు వేయమన్నదీ పాటే. పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్ళకు కూడా మొదటి పది నిమిషాలు నవ్వొస్తుంది. అది దర్శకుడికీ తెలుసు. అందుకే మొదట్లోనే గరాజులో ఒక మెకానిక్ చేత, ఈ పాటలు పాడేవాళ్ళంటే నాకు పడదు, సినిమాయే నయం అని పాడిస్తాడు! మిషెల్ లెగ్రాండ్ సంగీతం. కాథరిన్ డెనెవ్ సహా నటులెవరూ సొంత గొంతుతో పాడలేదు, అంతా ప్లేబ్యాకే. ఇందులో మాత్రం మనకు కొత్తేమీ లేదు.

కథ ఇంతే. 1957లో షెర్బూర్గ్ రేవులో గొడుగుల కొట్టు నడిపే ఆవిడ కూతురు జెన్వియేవ్, గరాజులో పనిచేసే గీ ప్రేమించుకుంటారు. అతనికి సైన్యం నుంచి పిలుపు వస్తుంది. ఫ్రెంచ్ పాలనలో ఉన్న అల్జీరియాలో అప్పుడు స్వాతంత్ర్య పోరాటం నడుస్తోంది, అక్కడికి వెళ్ళాలి. ఆమె గర్భవతి. ఉత్తరాలు తగ్గిపోతాయి. నగల వ్యాపారి ఒకడు పెళ్ళికి అడుగుతాడు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అసలు ఏడిపించేది అదే. గీ తిరిగొచ్చేసరికి కొద్దిగా కుంటుతూ ఉంటాడు. అల్జీరియాలో ఏం చూశాడో, ఏం చేశాడో సినిమా చెప్పదు. సరిగ్గా ఆ 1957లోనే అల్జీర్స్ పాతబస్తీలో ఫ్రెంచ్ జనరల్ మాసూ పారాట్రూపర్లు ఇళ్ళలోకి చొరబడి మనుషుల్ని పట్టుకుపోయి చిత్రహింసలు పెడుతున్నారు. అది తెలిశాక ఈ గులాబీ, పసుపు, నీలం వాల్‌పేపర్లు వేరేగా కనిపిస్తాయి. మొదటిసారి ప్రేమ కోసం ఏడిస్తే, తర్వాత చూసినప్పుడు గీ మౌనం దగ్గర ఆగిపోతాం.

ఇలా చాటుగా చెప్పడం కళాత్మక నిర్ణయం ఒక్కటే కాదు, సెన్సారు భయం కూడా. అల్జీరియాలో జరిగింది యుద్ధమని ఫ్రాన్స్ చట్టపరంగా ఒప్పుకున్నది 1999లో. అంతవరకూ అధికారిక కాగితాల్లో అది శాంతిభద్రతల చర్య. గొడార్ 1960లో తీసిన 'లె ప్తీ సోల్దా' ఆ యుద్ధాన్ని నేరుగా ముట్టుకుంది కాబట్టి 1963 దాకా విడుదల కాలేదు. అప్పటికి యుద్ధమే అయిపోయింది. దర్శకురాలు ఆన్యెస్ వార్దా ఆ సెన్సారును తెలివిగా దాటింది. 'క్లియో ఫ్రమ్ 5 టు 7' (1962)లో క్యాన్సరేమో అని పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న గాయని పారిస్ వీధుల్లో తిరుగుతుంది. టాక్సీ రేడియోలో అల్జీరియా వార్తలు వస్తుంటాయి. ఆ కబుర్లమధ్య అవి చెవిన పడవు. చివర్లో పార్కులో ఒక సైనికుడు పరిచయమవుతాడు, ఆ రాత్రికి సెలవు అయిపోతోంది, మళ్ళీ అల్జీరియా వెళ్ళాలి. చావంటే భయపడుతున్న ఇద్దరు బస్సెక్కి కబుర్లు చెప్పుకుంటారు. గంటన్నరలో అయిపోయే సినిమా. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను మొదట ఇదే చెబుతాను.

ఆలాఁ రెనే దగ్గరికి మాత్రం తొందరపడి వెళ్ళొద్దు. 'మ్యూరియల్' (1963) చూడ్డానికి ఓపిక కావాలి. షాట్లు అదాటున మారిపోతాయి, ఎవరు ఎవరికి ఏమవుతారో తేలడానికే అరగంట పడుతుంది. కానీ మధ్యలో ఒక సీను ఉంది. అల్జీరియా నుంచి తిరిగొచ్చిన కుర్రాడు తన ఫిల్మ్ ప్రొజెక్టర్‌లో వేసి చూపిస్తుంటాడు. సైనికులు నవ్వుతున్నారు, ఆడుకుంటున్నారు, మామూలు సరదా దృశ్యాలు. వాటి మీద అతని గొంతు, ఒక అమ్మాయిని తామంతా కలిసి ఎలా హింసించారో చెబుతూ పోతుంది. తెర మీద ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా కనిపించదు. చిత్రహింసల గురించి నేను చూసిన సినిమా దృశ్యాల్లో ఇంతకంటే భరించలేనిది లేదు.

అదే రెనే అంతకుముందు తీసిన 'నైట్ అండ్ ఫాగ్' అరగంట డాక్యుమెంటరీ, నాజీ శిబిరాల మీద. అందులో ఒక పాత ఫొటోలో, యూదులను ఉంచిన శిబిరానికి కాపలాగా ఫ్రెంచ్ జాందార్మ్ (పోలీసు) టోపీ కనిపిస్తుంది. సెన్సారువాళ్ళు ఆ టోపీని కప్పేయమన్నారు. కప్పేశారు కూడా. శవాల గుట్టలు చూపించడానికి ఇబ్బంది పడని సెన్సారు ఒక టోపీ దగ్గర ఆగింది. ఈ దేశపు సినిమా చరిత్ర అర్థం కావాలంటే నాకు ఆ టోపీ ఒక్కటి చాలు. 'హిరోషిమా మొనామూర్' (1959) గురించి అందరూ రాశారు కాబట్టి నేను పొడిగించను. జర్మన్ సైనికుణ్ణి ప్రేమించినందుకు జుట్టు గొరిగించుకుని నేలమాళిగలో బతికిన అమ్మాయి కథ అందులో ఉందని తెలుసుకుని కూర్చోండి, మొదటి పావుగంట కష్టం తగ్గుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఫ్రాన్స్‌ను ఆక్రమించిన కాలం విషయంలో ఫ్రెంచివాళ్ళు మెల్లగా అయినా తమను తాము గట్టిగానే పరీక్షించుకున్నారు. 'ది సారో అండ్ ది పిటీ' అనే నాలుగు గంటల పైచిలుకు డాక్యుమెంటరీ, నాజీలతో చేతులు కలిపినవాళ్ళ సంగతి బయటపెట్టినందుకు, 1981 వరకు ఫ్రెంచ్ టీవీలో రాలేదు. రావడమైతే వచ్చింది. మెల్విల్ 'ఆర్మీ ఆఫ్ షాడోస్' (1969)లో ప్రతిఘటన దళంవాళ్ళు ద్రోహం చేసిన కుర్రాణ్ణి చంపడానికి ఒక ఇంటికి తెస్తారు. తీరా చూస్తే పక్కింట్లోకి కొత్తగా ఎవరో దిగారు. తుపాకీ పేలిస్తే వినబడుతుంది. ఎలా చంపాలో ఆ కుర్రాడి ముందే మాట్లాడుకుంటారు. మెల్విల్ స్వయంగా ఆ ఉద్యమంలో ఉన్నవాడు. వీరత్వం మీద ఇంత చల్లగా సినిమా తీయడం బయటివాడికి చేతకాదనుకుంటాను. లూయీ మాల్ 'ఓ రెవార్ లెజాఁఫాఁ' (1987) తన చిన్నప్పటి బడిలో జరిగిన సంగతి. ఒక పిల్లవాడు అనుకోకుండా ఒక చూపు చూస్తాడు. ఆ చూపు ఖరీదేమిటో సినిమాలోనే చూడండి.

ఇంత నిజాయితీ ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియాల ఫ్రెంచ్ వలస) దగ్గరికి వచ్చేసరికి పొగమంచులో కలిసిపోయింది. 1992లో వచ్చిన 'ఇండోషిన్'కి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. కాథరిన్ డెనెవ్ రబ్బరు తోటల యజమానురాలు. వియత్నాం రాచకుటుంబపు అనాథ పిల్లను పెంచుకుంటుంది. ఇద్దరూ ఒకే నౌకాదళ అధికారిని ప్రేమిస్తారు. హాలాంగ్ బే దృశ్యాలు అద్భుతం, కాదనను. కూలీలను పశువుల్లా ఎంచుకునే రేవు సీను ఇప్పటికీ గట్టిగానే తాకుతుంది. కానీ ఆ సీను అయ్యాక కెమెరా మళ్ళీ దొరసాని దుఃఖం దగ్గరికే పోతుంది. దేశాన్ని పెంపుడు కూతురిని చేసి, స్వాతంత్ర్యాన్ని ఆ కూతురు ఇల్లు వదిలిపోవడంగా చూపించడం మొదటిసారి కవిత్వంలా అనిపిస్తుంది. రెండోసారి చూస్తే చిరాకేస్తుంది. తోటలో రబ్బరు గీసేవాళ్ళలో ఒక్కరి పేరైనా సినిమా అయ్యాక మీకు గుర్తుంటే చెప్పండి.

దానికి విరుగుడు షోండోర్ఫర్ తీసిన 'ది 317త్ ప్లాటూన్' (1965). నలుపు తెలుపు, కంబోడియా అడవుల్లో తీశారు. 1954లో ఒక చిన్న దళం వెనక్కి నడుస్తూ ఒక్కొక్కరిగా రాలిపోవడమే కథ. షోండోర్ఫర్ సైన్యంలో కెమెరామన్‌గా వియత్నాంలోని ఫ్రెంచ్ సైనిక స్థావరం డీన్‌బీన్‌ఫూలో ఉండి, అది పడిపోయినప్పుడు ఖైదీగా దొరికినవాడు. వలస పాలన తప్పా ఒప్పా అన్న ప్రశ్న ఈ సినిమా వేసుకోదు, అది దీని లోటే. అయినా బురద, జ్వరం, అలసట విషయంలో ఒక్క అబద్ధం ఆడదు.

ఆ 1954 మనకీ సంబంధం ఉన్న సంవత్సరమే. మే 7న డీన్‌బీన్‌ఫూ పడిపోయింది. జూన్‌లో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. నవంబరు 1న పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారతదేశం చేతికి వచ్చింది. సరిగ్గా అదే రోజు అల్జీరియాలో స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఎఫ్ఎల్ఎన్ సంస్థ దాడులతో ఎనిమిదేళ్ళ యుద్ధం మొదలైంది. ఒకచోట సంతకాలతో సరిపెట్టుకున్న ప్రభుత్వం ఇంకోచోట లక్షలమంది కుర్రాళ్ళను తుపాకులిచ్చి పంపింది. పది లక్షలమంది యూరోపియన్లు స్థిరపడిన నేల కావడమే దానికి పెద్ద కారణం. ఈ విడ్డూరం మీద ఎవరైనా సినిమా తీస్తే బాగుండును. నేను చూసిన ఫ్రెంచ్ సినిమాల్లో మాత్రం గోదావరి పాయ ఒడ్డునున్న ఆ ఊరు ఎక్కడా తగల్లేదు.

అవతలివాళ్ళ మాట వినాలంటే పారిస్ దర్శకులను వదిలి బయటికి రావాలి. 'ది బ్యాటిల్ ఆఫ్ ఆల్జియర్స్' (1966) దర్శకుడు పొంటెకోర్వో ఇటాలియన్. సినిమా నడిచేది ఫ్రెంచ్, అరబిక్ భాషల్లో. ఎఫ్ఎల్ఎన్ నాయకుల్లో ఒకడైన సాదీ యాసెఫ్ దాదాపు తన పాత్రే తాను వేశాడు. పేరున్న నటుడు ఒక్కడే, కర్నల్‌గా వేసిన జాఁ మార్తాఁ. ఆయన అల్జీరియా యుద్ధానికి వ్యతిరేకంగా 121 మంది చేసిన ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. అలాంటివాడి చేత చిత్రహింసలను సమర్థించే పాత్ర వేయించారు, ఆయన ఎక్కడా వెటకారం చేయకుండా వేశాడు. బాంబులు పెట్టడానికి ముగ్గురు ఆడవాళ్ళు వెళ్తారు. కెఫేలో ఐస్‌క్రీం తింటున్న పిల్లాడి మీద కెమెరా ఆగుతుంది. ఎవరి పక్షమో తెలిసి కూడా దర్శకుడు ఆ పిల్లాణ్ణి మనకు చూపించాడు. ఫ్రాన్స్‌లో కొన్నేళ్ళపాటు ఇది ఆడలేదు.

సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్‌ను అందరికంటే పైన పెడతాను. ఫ్రెంచ్ సైన్యంలో పనిచేశాడు, మార్సెయ్ రేవులో కూలి చేశాడు, తర్వాత రచయిత, దర్శకుడు అయ్యాడు. 'బ్లాక్ గర్ల్' (1966) గంట సినిమా. డకార్ నుంచి డియువానా అనే అమ్మాయిని పిల్లల్ని చూసుకోవాలని చెప్పి ఫ్రాన్స్‌లోని ఆంతీబ్‌కు తీసుకెళ్తారు. అక్కడ వంట, అంట్లు, బట్టలు అన్నీ ఆమే. కిటికీలోంచి కనిపించే సముద్రం తప్ప ఫ్రాన్స్‌లో ఆమె చూసిందేమీ లేదు. దొరసాని అరుపులు వినడానికి మనకు ఫ్రెంచ్ రానక్కరలేదు. గల్ఫ్‌లో ఇళ్ళ పనికి వెళ్ళిన మన గోదావరి జిల్లాల, కడప జిల్లా ఆడవాళ్ళ కథలు విన్నవాళ్ళకు ఇది పాత సినిమా అనిపించదు.

ఆయనే తియెర్నో ఫాతీ సోతో కలిసి తీసిన 'కాంప్ ద తియరాయ్' (1988) నిడివి ఎక్కువ, నడక మెల్లగా ఉంటుంది, కొన్ని పాత్రలు మరీ ఉపన్యాసం ఇస్తాయి. కానీ ఈ కథ ఇంకెక్కడా దొరకదు. ఫ్రాన్స్ కోసం పోరాడి, జర్మన్ల దగ్గర ఖైదీలుగా ఉండి వచ్చిన ఆఫ్రికా సైనికులు తమకు రావలసిన బకాయి జీతం అడిగారు. 1944 డిసెంబరు 1న ఫ్రెంచ్ సైన్యమే వాళ్ళ మీద కాల్పులు జరిపింది. అప్పటి అధికారిక లెక్క 35 మంది. ఆ లెక్కను చరిత్రకారులు ఇప్పటికీ ఒప్పుకోరు. అది ఊచకోత అని ఫ్రాన్స్ అధ్యక్షుడు రాతపూర్వకంగా ఒప్పుకోవడానికి 2024 రావలసి వచ్చింది.

'డేస్ ఆఫ్ గ్లోరీ' (2006) ఉత్తర ఆఫ్రికా సైనికుల కథ. సినిమాగా సాదాసీదా, చివరి పోరాటమైతే అచ్చం హాలీవుడ్ బాణీ. ఓడలో తెల్ల సైనికులకే టమాటాలు పెడతారు, మిగతావాళ్ళకు లేవు. అప్పుడు కార్పొరల్ ఆ టమాటాల పెట్టెను బూటుకాలితో తొక్కేసే సీను మాత్రం మరిచిపోలేం. అయితే ఇది సాధించిన పని మహాకళాఖండాలు కూడా సాధించలేదు. పాత వలసరాజ్యాల సైనికుల పింఛన్లు 1959 నుంచి స్తంభించిపోయి ఉండేవి. ఈ సినిమా విడుదల సమయంలో షిరాక్ ప్రభుత్వం వాటిని ఫ్రెంచ్ సైనికుల పింఛన్లతో సమానం చేస్తామని ప్రకటించింది.

ఆఖరికి హనెకె 'కాషే' (2005). ఇది ఒంటరిగా, ఫోన్ పక్కన పెట్టి చూడాలి. ఒక టీవీ వ్యాఖ్యాత ఇంటికి ఎవరో వీడియో టేపులు పంపుతుంటారు. లాగితే తీగ 1961 అక్టోబరు 17 దాకా పోతుంది. ఆ రాత్రి పారిస్‌లో ఊరేగింపుగా వచ్చిన అల్జీరియన్లను పోలీసులు చంపి సేన్ నదిలో పడేశారు. సినిమాలో ఆ సంగతి ఒకటి రెండు మాటల్లో వచ్చి పోతుంది. పట్టుకోకపోతే ఇది మామూలు థ్రిల్లర్, అదీ ముడి విప్పని థ్రిల్లర్. ముగింపు అర్థం కాలేదని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. చివరి షాట్‌లో బడి మెట్ల మీద ఎడమవైపు చూస్తూ ఉండండి.

చూడదలచుకున్నవాళ్ళకు కొన్ని పనికొచ్చే మాటలు. తెలుగు సబ్‌టైటిల్స్ ఆశ పెట్టుకోవద్దు, ఇంగ్లిష్‌వే దిక్కు. రెనే సినిమాల్లో అవి పరుగులు పెడతాయి, ఆపి ఆపి చూసినా తప్పులేదు. 'అంబ్రెల్లాస్' పాత ప్రింటులో రంగులు వెలిసి ఉంటాయి, రెస్టోర్ చేసిన ప్రింటే వెతుక్కోండి. ఆ రంగులు లేకపోతే సినిమాలో సగం పోయినట్టే. వీలైతే జంటలుగా చూడండి: 'అంబ్రెల్లాస్' చూసిన వారంలోనే 'బ్యాటిల్ ఆఫ్ ఆల్జియర్స్', 'డేస్ ఆఫ్ గ్లోరీ' వెనకాలే 'తియరాయ్'. 'ఇండోషిన్' మాత్రం పెద్ద తెర మీద దొరికితేనే. ల్యాప్‌టాప్‌లో ఆ సముద్రం కనిపించదు, మిగిలిన కథ కోసం రెండున్నర గంటలు ఎక్కువ.