థైరాయిడ్ ప్యాకేజీకి డబ్బులు కట్టే ముందు ఇది చదవండి: హన్మకొండ, వరంగల్, కాజీపేట వాళ్లకు జాగ్రత్త

ఆదివారం వస్తే చాలు, మన కాలనీల్లో టెంట్ వేసి ఫుల్ బాడీ చెకప్ అని క్యాంపులు పెడుతున్నారు. తక్కువ ధరకే షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ అన్నీ కలిపి చేస్తామంటారు. అలాంటి ఒక క్యాంపు వల్ల మా చెల్లె లేని జబ్బుకు మందులు మింగబోయేదాకా వెళ్లింది. ల్యాబ్ పేరు కావాలనే రాయడం లేదు. ఇది ఆ ఒక్క ల్యాబ్‌తో ఆగే సంగతి కాదు, థైరాయిడ్ టెస్టును ప్యాకేజీలో కలిపి అమ్మే ఎవరి దగ్గరైనా జరగొచ్చు.

చెల్లెకు కొన్నాళ్లుగా జుట్టు బాగా రాలుతోంది. థైరాయిడ్ వల్లేమో చూపించుకో అని ఇంట్లో అందరూ అంటూనే ఉన్నారు. క్యాంపు ఇంటి ముందుకే వచ్చింది కాబట్టి పొద్దున్నే వెళ్లి రక్తం ఇచ్చింది. ఫారంలో పేరు, వయసు, ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ అడగలేదు. మరుసటి రోజు వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్ టీఎస్‌హెచ్ 0.11, పక్కన ఎర్రగా లో అని. థైరాయిడ్ తయారు చేసే హార్మోన్లు టీ4 15.6, హై. టీ3 2.4, హై. కాసేపటికే ఫోన్. "మేడమ్, మీకు హైపర్ థైరాయిడ్ ఉంది, లేట్ చేస్తే గుండె మీద పడుతుంది, మా డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడండి" అన్నారు. హైపర్ అంటే థైరాయిడ్ అతిగా పని చేయడం. ఆ డాక్టర్ ఫోన్‌లోనే థైరాయిడ్‌ను తగ్గించే కార్బిమజోల్ మాత్రలు రాశారు. దాంతోపాటు మెడ స్కానింగ్, ఇంకేవో యాంటీబాడీ టెస్టులు, నెలనెలా థైరాయిడ్ టెస్టు కలిపి ఒక ప్యాకేజీ పంపించి, ఇవాళే కడితే సగం ధర అన్నారు.

భయపడని వాళ్లెవరు? జుట్టు రాలుతోంది, మనిషి సన్నబడింది, ఆ మాట విన్నప్పటి నుంచి గుండె దడదడ కొట్టుకుంటోంది. లక్షణాలన్నీ సరిపోయినట్టే కనిపించాయి. అనుమానం తీర్చుకుందామని అదే ల్యాబ్‌లో మళ్లీ టెస్టు చేయిస్తే, దానికీ డబ్బులు తీసుకుని, దాదాపు అవే నంబర్లు ఇచ్చారు. "చూశారా, కన్ఫర్మ్ అయింది" అన్నారు.

మా వదిన స్టాఫ్ నర్సు. మాత్రల షీటు అప్పటికే ఇంటికి వచ్చింది. అది విప్పకుండా ముందు ఫిజీషియన్‌కు చూపించాల్సిందేనని పట్టుబట్టింది. ఆ డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టి ముందు నాడి చూశారు. చేతులు ముందుకు చాపమని వేళ్లు వణుకుతున్నాయా అని చూశారు. గుటక వేయమని మెడ చూశారు, కళ్లు చూశారు. ఎక్కడా తేడా లేదు. అప్పుడు అడిగారు: "జుట్టుకు, గోళ్లకు ఏమైనా మాత్రలు వాడుతున్నావా అమ్మా?" చెల్లె బ్యాగులోంచి డబ్బా తీసింది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జుట్టు మాత్రలు. వెనక చిన్న అక్షరాల్లో ఉంది: బయోటిన్ 10,000 ఎంసీజీ (మైక్రోగ్రాములు). బయోటిన్ అంటే ఒక బి విటమిన్. పెద్దవాళ్లకు రోజుకు సరిపోయేది 30 ఎంసీజీ. క్యాంపు రోజు కూడా ఆ మాత్ర వేసుకున్నాకే రక్తం ఇచ్చింది.

ఇక్కడే అసలు విషయం ఉంది, కొంచెం ఓపికగా చదవండి. చాలా ల్యాబ్ మెషిన్లలో థైరాయిడ్ హార్మోన్లను కొలిచే పద్ధతిలోనే బయోటిన్‌ను వాడతారు. అది స్ట్రెప్టావిడిన్ అనే పదార్థానికి గట్టిగా అంటుకుంటుంది, దాని సాయంతోనే మెషిన్ హార్మోన్‌ను పట్టుకుంటుంది. రక్తంలో మాత్రల బయోటిన్ ఎక్కువగా ఉంటే, ఆ అంటుకునే చోటంతా అదే ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్‌ను కొలిచే పద్ధతి వేరు, టీ3, టీ4లను కొలిచే పద్ధతి వేరు. అందుకని టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, టీ3, టీ4 ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మూడూ కలిస్తే అచ్చం హైపర్ థైరాయిడ్ రిపోర్టే. మనిషికి ఏ జబ్బూ ఉండదు, కాగితం మీద మాత్రం జబ్బు ఉంటుంది. అదే మాత్ర వాడుతూ అదే మెషిన్ మీద ఎన్నిసార్లు చేయించినా అదే వస్తుంది, దాన్ని కన్ఫర్మ్ కావడం అనరు. బయోటిన్ వల్ల ల్యాబ్ రిపోర్టులు తప్పు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ల్యాబ్ నడిపేవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. "ఏమైనా మాత్రలు వాడుతున్నారా" అని ఫారంలో ఒక్క గడి పెట్టి ఉంటే సరిపోయేది.

డాక్టర్ ఆ మాత్రలు ఆపించి, కొన్ని రోజుల తర్వాత వేరే ల్యాబ్‌కు రాశారు. టీఎస్‌హెచ్ 2.3, ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉండే టీ4) 1.2. రెండూ మామూలే. మామూలు మోతాదుకు కనీసం రెండు రోజులు ఆపితే చాలన్నారు. ఇంకా పెద్ద మోతాదు వాడేవాళ్లు మరింత ఎక్కువ రోజులు ఆపాలట. జుట్టు రాలడానికి కారణం హిమోగ్లోబిన్, ఐరన్ తక్కువ కావడమని తర్వాత తేలింది. ఈ ప్యాకేజీ గొడవలో పడి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నాకు కోపం వచ్చేది డబ్బుల గురించి కాదు. చెల్లెకు పెళ్లై ఎంతో కాలం కాలేదు, పిల్లల కోసం చూస్తున్నారు. గర్భం మొదటి నెలల్లో కార్బిమజోల్ వాడితే బిడ్డకు అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. ఫోన్‌లో రాసినావిడ ఆ ప్రశ్న కూడా అడగలేదు. నిజంగా హైపర్ ఉండి ఆ మందు వాడేవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి: జ్వరం, గొంతు నొప్పి వస్తే మామూలు జలుబే అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి తెల్ల రక్తకణాల టెస్టు చేయించుకోవాలి. అరుదుగానే అయినా ఆ మందు వల్ల ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఈ పోస్టు చదివి, ఇప్పటికే వాడుతున్న థైరాయిడ్ మందు మాత్రం సొంతంగా ఆపకండి. డాక్టర్‌ను అడిగి, అవసరమైతే మళ్లీ టెస్టు చేయించుకోండి.

ఇక రిపోర్టు చదవడం. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి నుంచి రాదు, మెదడు కింద ఉండే పిట్యుటరీ నుంచి వస్తుంది. కూలీలు నెమ్మదిస్తే మేస్త్రీ గట్టిగా కేకేసినట్టు, థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, థైరాయిడ్ ఎక్కువ పని చేస్తే తగ్గుతుంది. అందుకే టీఎస్‌హెచ్ ఎక్కువంటే సాధారణంగా హైపో, తక్కువంటే హైపర్. చాలామంది ఇది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉంటే సరే అంటారు, కానీ ఒక్కో ల్యాబ్‌కు ఒక్కో రేంజ్ ఉంటుంది, కాబట్టి మీ రిపోర్టులో పక్కన ఉన్న రేంజ్‌తోనే పోల్చండి. వేర్వేరు ల్యాబుల నంబర్లు పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అని టెన్షన్ పడకండి.

క్యాంపుల్లో రెండో రకం మోసం ఇంకా ఎక్కువ. టీఎస్‌హెచ్ 5, 6 వచ్చిందని చెప్పి, జీవితాంతం మాత్ర వేసుకోవాలని భయపెట్టడం. ఫ్రీ టీ4 మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ కొంచెమే పెరిగితే, చాలామందికి వెంటనే మందు అవసరం ఉండదు. రెండు మూడు నెలలకు మళ్లీ చేయించి, అవసరమైతే యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీల టెస్టు) కూడా చూసి అప్పుడు ఆలోచిస్తారు. 10 దాటితే సాధారణంగా మందు మొదలుపెడతారు. గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు ఆలస్యం చేయకూడదు. వయసు పైబడినవాళ్లలో టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువగా ఉండటం మామూలే. వాళ్లకు అనవసరంగా మందు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇంకో మాట, గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు మొత్తం టీ4 ఎక్కువ చూపించడం సహజం. ప్యాకేజీల్లో ఎక్కువగా చేసేది ఆ టోటల్ టీ4నే. డాక్టర్‌కు చాలాసార్లు కావలసింది ఫ్రీ టీ4.

డాక్టర్ చెప్పకుండా నెలనెలా టెస్టు ప్యాకేజీ కూడా కొనకండి. హైపో ఉన్నవాళ్లు వేసుకునే థైరాక్సిన్ మాత్ర మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ స్థిరపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఆలోపు చేస్తే ఆ నంబరుకు పెద్దగా అర్థం లేదు. ఆ మాత్ర వాడేవాళ్లు టెస్టు రోజు రక్తం ఇచ్చాకే వేసుకోవడం మంచిది. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పరగడుపున రావాలని ల్యాబ్ వాళ్లు చెప్పేది షుగర్, కొలెస్ట్రాల్ కోసం. థైరాయిడ్‌కు అది తప్పనిసరి కాదు, కానీ ప్రతిసారీ దాదాపు అదే టైమ్‌కు ఇవ్వండి, ఎందుకంటే టీఎస్‌హెచ్ పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ ఉంటుంది. జ్వరమో, పెద్ద జబ్బో వచ్చి దవాఖానాలో ఉన్నప్పుడు చేసిన థైరాయిడ్ టెస్టును నమ్ముకుని మందు మొదలుపెట్టకండి, ఆ సమయంలో నంబర్లు వాటంతటవే అటూ ఇటూ అవుతాయి.

ఎక్కడ చేయించాలి అని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ప్రభుత్వ దవాఖానల్లో డాక్టర్ రాస్తే, తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద థైరాయిడ్ టెస్టు ఉచితం. రక్తం అక్కడే తీసుకుని పెద్ద ల్యాబ్‌కు పంపిస్తారు. మీ దగ్గరలోని పీహెచ్‌సీలోనో బస్తీ దవాఖానాలోనో అడగండి. ప్రైవేట్‌లో అయితే ల్యాబుల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా అని చూడండి. లోగో ఉంటే సరిపోదు, థైరాయిడ్ టెస్టు కూడా ఆ గుర్తింపు జాబితాలో ఉందా అని ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రిపోర్టు కింద డాక్టర్ పేరు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. చెల్లె రిపోర్టు మీద స్కాన్ చేసిన గీత ఒకటి తప్ప పేరే లేదు.

ల్యాబ్ వాళ్లకు రెండు రిపోర్టులూ పంపి డబ్బులు అడిగాం. "మెషిన్ చూపించింది ఇచ్చాం, మీరు మాత్రలు వాడుతున్నట్టు చెప్పలేదు" అన్నారు. అడగలేదు కదా అంటే ఫోన్ పెట్టేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. బిల్లు, వాట్సాప్‌లో వచ్చిన ప్యాకేజీ మెసేజ్, ఫోన్‌లో రాసిచ్చిన మందుల చీటీ, మాత్రల డబ్బా ఫొటో అన్నీ దాచి ఉంచాం. మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే మెసేజులు డిలీట్ చేయకండి. క్యాంపులో రక్తం ఇచ్చి హైపర్ అని తేలినవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఇంట్లో ఉన్న జుట్టు మాత్రల డబ్బా వెనక్కి తిప్పి బయోటిన్ ఎంత ఉందో చూసి, ఆ డబ్బాతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.