కమైలియో సిప్ సర్వర్: పగ్గాలన్నీ నిర్వాహకుడి చేతిలోనే

ఇంటర్నెట్ టెలిఫోన్ వ్యవస్థలో ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారు, ఆ కాల్‌ను ఎటు పంపాలి, ఎప్పుడు ముగించాలి అన్న వ్యవహారమంతా సిప్ (కాల్స్‌ను కుదిర్చే నియమావళి) సందేశాలతో నడుస్తుంది. మాట మాత్రం ఆర్‌టీపీ (ధ్వనిని మోసే నియమావళి) ప్యాకెట్లలో వేరే దారిన వెళ్తుంది. కమైలియో ఆ మొదటి పనికే కట్టుబడిన సర్వర్. దీన్ని పూర్తి ఆఫీసు ఎక్స్ఛేంజి అనుకుని పెట్టుకుంటే వాయిస్ మెయిల్, కాన్ఫరెన్సు వంటివాటికి వెనుక ఆస్టెరిస్క్ లాంటి మరో సర్వర్‌ను నిలుపుకోక తప్పదు. నేను దీన్ని లోపంగా ఎంచను. ఆడియో బరువు మీద పడదు కాబట్టే ఒక మామూలు యంత్రం మీద కూడా ఇది వేల ఫోన్ల రిజిస్ట్రేషన్లను తడబడకుండా చూసుకోగలుగుతుంది.

బెర్లిన్‌లోని ఫ్రాన్‌హోఫర్ ఫోకస్ సంస్థలో పుట్టిన సిప్ ఎక్స్‌ప్రెస్ రౌటర్ దీనికి మూలం. 2005లో దాని నుంచి ఓపెన్‌సెర్‌గా విడిపోయి, 2008లో ఇప్పటి పేరు పెట్టుకుంది. జీపీఎల్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది.

దీని అసలు సత్తా రౌటింగ్ స్క్రిప్టులో, అంటే ఏ కాల్‌ను ఎటు పంపాలో నిర్వాహకుడు రాసే ఆదేశాల్లో ఉంది. ఒక గేట్‌వే (కాల్‌ను బయటి ఫోన్ నెట్‌వర్కుకు చేర్చే యంత్రం) మూగబోయిందనుకుందాం. డిఫాల్టుగా ఎలాంటి జవాబూ రాకపోతే కమైలియో 30 సెకన్లు వేచి చూస్తుంది. అంతసేపూ ఫోన్ చేసినవారికి నిశ్శబ్దమే మిగులుతుంది. ఆ గడువును రెండు మూడు సెకన్లకు కుదించి, ఫెయిల్యూర్ రూట్‌లో (ప్రయత్నం విఫలమైనప్పుడు నడిచే స్క్రిప్టు భాగంలో) తరువాతి గేట్‌వేను చూపితే, కాల్ దారి మళ్లిన సంగతి కూడా వారికి తెలియదు. ఇంత సూక్ష్మమైన అదుపు నాకు ఎంతో నచ్చింది.

అయితే ఆ అదుపు నిర్వాహకుడి నుంచి అంతే జాగ్రత్తను కోరుతుంది. మాట్లాడుతుండగా కాల్ 32 సెకన్ల దగ్గర తెగిపోవడం సిప్ నెట్‌వర్కుల్లో తరచుగా కనిపించే జబ్బు. ఫోన్ ఎత్తిన పక్షం 200 ఓకే (కాల్ ఎత్తానన్న జవాబు) పంపి, దానికి ఆక్ (జవాబు అందిందన్న రసీదు) కోసం ఎదురుచూస్తుంది. అది అందకపోతే అదే జవాబును మళ్లీ మళ్లీ పంపి, 500 మిల్లీసెకన్లకు 64 రెట్ల సమయం గడిచాక ఇక లాభం లేదని కాల్‌ను ముగిస్తుంది. న్యాట్ (ప్రైవేటు చిరునామాలను పబ్లిక్ చిరునామాగా మార్చే ఏర్పాటు) వెనుక ఉన్న సర్వర్, తరువాతి సందేశాలు తన గుండానే రావాలని చెప్పే రికార్డ్ రూట్ హెడర్‌లో తన ప్రైవేటు చిరునామా రాసినప్పుడు ఆక్ దారి తప్పుతుంది. సిప్ సందేశాలను చూపే ఎస్‌ఎన్‌గ్రెప్ అనే సాధనం తెర మీద 200 ఓకే వరుసగా పునరావృతం కావడం చూస్తే విషయం బోధపడుతుంది. కమైలియో కాన్ఫిగరేషన్‌లో సర్వర్ చిరునామా ఉండే లిజన్ వరుసకు అడ్వర్టైజ్ అనే పదం చేర్చి పబ్లిక్ చిరునామా ఇస్తే నయమవుతుంది.

నాకు కష్టమనిపించేది ఒకటే: సొంత భాషలో రాసిన రౌటింగ్ స్క్రిప్టును మారిస్తే సర్వర్‌ను మళ్లీ ప్రారంభించాలి. కెమీ (ఇతర భాషల్లో రౌటింగ్ రాయనిచ్చే కమైలియో సదుపాయం) ద్వారా లూవా లేదా పైథాన్‌లో రాస్తే సర్వర్ నడుస్తుండగానే మార్పును ఎక్కించవచ్చు. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు, ముఖ్యంగా పగలూ రాత్రీ కాల్స్ నడిచే చోట పనిచేసేవారు, మొదటి రోజు నుంచే కెమీతో రాయడం మంచిది.