మూడేళ్లుగా మా పిల్లల మైన్‌క్రాఫ్ట్ సర్వర్: గైజర్, ఫ్లడ్‌గేట్, టెయిల్‌స్కేల్ వాడాక నా రివ్యూ

మైన్‌క్రాఫ్ట్ అంటే దిమ్మెలతో ఊళ్లు కట్టుకునే వీడియోగేమ్, దూరంగా ఉన్నవాళ్లు కలిసి ఆడాలంటే ఒక సర్వర్ కావాలి, అది 2022 వేసవి సెలవుల్లో మొదలుపెట్టా. అక్క పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఫోన్లలో ఆడతారు, బాబాయి మనవడు డల్లాస్‌లో కంప్యూటర్ మీద, మావాడు గుంటూరులో నా పాత ల్యాప్‌టాప్ మీద, అందరికీ కలిసి ఒకే ఊరు కట్టుకోవాలని ఆశ. చిక్కేంటంటే వీళ్ల కంప్యూటర్లలో ఉన్నది జావా ఎడిషన్, ఫోన్లలో ఉన్నది బెడ్‌రాక్, పేరుకి రెండూ మైన్‌క్రాఫ్టే గానీ ఒకదాని మాట ఇంకోదానికి అర్థంకాదు, జావా 25565 పోర్టులో (పోర్టంటే సర్వర్‌కి నెట్‌లో ఉండే తలుపు నెంబరు) టీసీపీ మీద నడుస్తుంది, బెడ్‌రాక్ 19132లో యూడీపీ మీద, ఈ రెండూ డేటా పంపే వేర్వేరు పద్ధతులు. మధ్యలో కూర్చుని ఇటువి అటూ అటువి ఇటూ మార్చి చెప్పేదే గైజర్. జావా సర్వర్‌ని నడిపే పేపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్స్ (అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) ఫోల్డర్ ఉంటుంది, అందులో దాని ఫైల్ పడేసి రీస్టార్ట్ చేస్తే చాలు, అక్కడిదాకా నిజంగా సులువే.

నేను చేసిన తప్పు ఆ తర్వాతది, అందుకే ఇది రాస్తున్నా. ఫోన్ పిల్లలకి జావా అకౌంట్ లేదని సర్వర్ లోపలికి రానివ్వలేదు. ఎవరో చెప్పారని ఆన్‌లైన్ మోడ్ ఆఫ్ చేసేసా, రౌటర్‌లో రెండు పోర్టులూ తెరిచేసా. ఆన్‌లైన్ మోడ్ ఉంటే వచ్చినవాడు నిజంగా ఆ అకౌంట్ వాడేనా అని సర్వర్ కనుక్కుంటుంది, ఆఫ్ చేస్తే ఎవడు ఏ పేరు కొడితే ఆ పేరుతో లోపలికొచ్చేస్తాడు. పది రోజులకి ఎవడో మావాడి పేరుతోనే వచ్చాడు, ఆ పేరుకి అడ్మిన్ పవర్స్ ఉన్నాయి, పిల్లలు కట్టుకున్న ఊరంతా లావా పోసి తగలబెట్టాడు. అది బ్యాకప్‌తో తిరిగొచ్చింది. కానీ చాట్ లాగ్ తెరిచి చూస్తే మా మేనకోడల్ని నీదే ఊరు, ఏ స్కూలు అని అడిగి ఉన్నాడు, అన్న అనుకుని అది జవాబు కూడా ఇచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అక్కకి ఫోన్ చేసి చెప్పడానికి కూడా గొంతు రాలేదు.

దానికి సరైన మందు ఫ్లడ్‌గేట్, గైజర్‌తో పాటు వేసుకునే ఇంకో ప్లగిన్. ఆన్‌లైన్ మోడ్ ఆన్‌లోనే ఉంచి, గైజర్ సెట్టింగ్స్‌లో ఆథ్ టైప్ దగ్గర ఫ్లడ్‌గేట్ అని పెడితే ఫోన్ పిల్లలు వాళ్ల ఎక్స్‌బాక్స్ అకౌంట్‌తోనే వస్తారు, జావా కొనక్కర్లేదు. వాళ్ల పేరు ముందు ఒక చుక్క పడుతుంది, జావా పేర్లలో చుక్క ఉండదు కాబట్టి ఒకరి పేరుతో ఇంకొకరు వచ్చే దారి మూసుకుపోతుంది. ఆ చుక్క తీసేయొచ్చు, కొందరు చూడ్డానికి బాలేదని తీసేస్తారు, దయచేసి తీయకండి. ఫ్లడ్‌గేట్ తయారుచేసే కీ ఫైల్ ఎవరికీ పంపకండి, సాయం అడిగేటప్పుడు ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపేస్తుంటారు, ఆ కీ ఉన్నవాడు ఎవరి పేరుతోనైనా దూరిపోగలడు. వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చేవాళ్ల పేర్ల జాబితా) తప్పనిసరి, ఫోన్ వాళ్లని చేర్చడానికి ఫ్లడ్‌గేట్‌కి విడిగా ఎఫ్‌వైట్‌లిస్ట్ కమాండ్ ఉంది. దూరం నుంచి సర్వర్ నడిపే ఆర్‌కాన్ నేను ఆన్ చేయలేదు, పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లేకుండా పోతుంది దాంట్లో.

2023లో మా నెట్ కంపెనీ చెప్పాపెట్టకుండా సీజీనాట్‌లోకి, అంటే చాలా ఇళ్లకి కలిపి ఒకే బయటి ఐపీ (నెట్ అడ్రస్) పంచే పద్ధతిలోకి మార్చేసింది. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 లోపు కనబడితే అదే, పోర్టులు ఎన్ని తెరిచినా బయటివాళ్లు రాలేరు. అప్పుడే టెయిల్‌స్కేల్‌కి వచ్చా, అది మన పరికరాల మధ్య సొంత ప్రైవేట్ నెట్‌వర్క్ కట్టే యాప్, లోపల వైర్‌గార్డ్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతే పనిచేస్తుంది, ఇప్పుడు రౌటర్‌లో ఒక్క పోర్టు కూడా తెరిచి లేదు, మా ఇంటి ఐపీ బయటివాళ్లకి ఇవ్వక్కర్లేదు. పిల్లల్ని నా నెట్‌వర్క్‌లో చేర్చకుండా ఆ ఒక్క మెషీన్ మాత్రమే షేర్ చేశా, వాళ్లు సర్వర్‌కి రాగలరు గానీ సర్వర్ వైపు నుంచి వాళ్ల ఫోన్లలోకి ఎవరూ పోలేరు, రూల్స్‌లో కూడా ఆ రెండు పోర్టులే వదిలా. ఫోన్లలో టెయిల్‌స్కేల్ లాగిన్ వాళ్ల అమ్మానాన్నల అకౌంట్‌తోనే. ఇబ్బంది ఏంటంటే బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని మధ్యలో ఆపేస్తుంది, వారానికోసారి అక్క నుంచి ఫోన్ వస్తుంది రావట్లేదురా అని, యాప్ మళ్లీ ఆన్ చేయమంటే వచ్చేస్తుంది. నేరుగా దారి దొరక్కపోతే రిలే (మధ్యవర్తి సర్వర్) మీదుగా పోతుంది, అప్పుడు ఆట ఆలస్యంగా కదలడం బాగా తెలుస్తుంది. డల్లాస్ వాడికి ఎటూ పింగ్ (సర్వర్‌కి వెళ్లి తిరిగొచ్చే సమయం) 270 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది, ఇళ్లు కట్టుకోవడానికి పర్లేదు, ఫైటింగ్‌కి కష్టం.

గైజర్‌తో ఇప్పటికీ విసుగు తెప్పించేది ఒకటుంది, ఫోన్లో గేమ్ తనంతట తనే అప్‌డేట్ అవుతుంది, మనం గైజర్ మార్చేదాకా పిల్లలు బయటే. అయినా అప్‌డేట్లు వాయిదా వేయకండి, 2021 డిసెంబర్‌లో జావా ప్రోగ్రాములు వాడే లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు చాట్‌లో ఒక్క లైన్ కొట్టి సర్వర్‌లో ఎవడి కోడ్ వాడు నడిపించే పరిస్థితి వచ్చింది. ఫోన్ వాళ్లకి ఎడమచేతిలో వస్తువు పట్టుకోవడానికి గైజర్ ఆఫ్‌హ్యాండ్ కమాండ్ కొట్టాలి, కత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య జావాలో ఉండే గ్యాప్ వాళ్లకి కొత్త, అలవాటవుతుంది.

ప్లేస్టేషన్ సంగతి మాత్రం తేలలేదు. అందులో సొంత సర్వర్ అడ్రస్ కొట్టే చోటే లేదు, డీఎన్ఎస్ (పేరు ఇస్తే అడ్రస్ చెప్పే సర్వీసు) మార్చి రప్పించే పద్ధతి ఉంది గానీ టెయిల్‌స్కేల్ అందులో ఎక్కదు, మళ్లీ పోర్టు బయటికి తెరవాలి, సీజీనాట్ ఉంటే అదీ పనిచేయదు. డల్లాస్ వాడు రెండు నెలల్నించి అడుగుతున్నాడు, నేను ఒప్పుకోలేదు, టీవీ ముందు కూర్చుని ఆడాలంటే కంప్యూటర్ తెచ్చి టీవీకి తగిలించుకోమన్నా.